పేరంటానికి వెళ్లొచ్చా అని అడగడానికి ఒక మనిషి

మండపేటలో లారీల స్టాండుకి ఎదురుగా, ఒక మందుల షాపు మేడ మీద మా కౌన్సెలింగ్ సెంటర్ ఉండేది. ఇంటర్ తప్పిన నాకు అక్కడ ఉద్యోగం రావడానికి కారణం నా నోరే. ఇంటర్వ్యూలో పది నిమిషాలు వాగాక, "ఈ అమ్మాయి రాయినైనా మాట్లాడించేస్తుందండీ" అన్నారు సెంటర్ నడిపే పెద్దాయన. పది రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. వినాలి, సలహాలు ఇవ్వకూడదు, విన్నది బయట చెప్పకూడదు. ఇవన్నీ నోట్సులో రాసుకుని, పదకొండో రోజు నుంచి జనం కష్టాలు వినడానికి కూర్చున్నాను.

మా మీద ఒక సూపర్‌వైజర్ ఉండేవారు. నెలకోసారి రాజమండ్రి నుంచి వచ్చి, రిజిస్టరు తిరగేసి, సంతకాలు చూసుకుని, భోజనం చేసి వెళ్లిపోయేవారు. సూపర్‌విజన్ అంటే అదేననుకున్నాను.

మంగళవారం మంగళవారం ఒకావిడ వచ్చేవారు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఏడో నెలలో కడుపు పోయింది. అప్పటి నుంచి నిద్ర లేదు, ఏడుపు ఆగదు. ఇంట్లో ఏడిస్తే అత్తగారు "ఇంకెన్నాళ్లమ్మా ఈ రాగం, అందరికీ పోలేదా?" అంటారట. అందుకని మా దగ్గరికొచ్చి, ఫ్యాను కింద కూర్చుని, గంటసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వెళ్లేవారు. నేనేదో చేశానని కాదు, పక్కన కూర్చున్నాను, అంతే. మూడు నెలలకి ఒక రోజు నవ్వారు. ఆ రోజు నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను.

ఆవిడ గురించి ఎవరితోనైనా మాట్లాడాలనిపించేది. నేను చేస్తున్నది సరైనదేనా, ఇంకేమైనా చెయ్యాలా, ఏమీ తెలిసేది కాదు. సూపర్‌వైజర్ వచ్చినప్పుడు అడిగాను.

"సార్, ఒకావిడ గురించి మీతో మాట్లాడాలండి."

"కొత్త కేసా, పాతదా?"

"పాతదేనండి."

"పాతవాటిలో రాశావుగా మరి? ఇంకేంటి?" అని పెన్నుకి మూత పెట్టేశారు.

శ్రావణమాసం వచ్చింది. ఆ మంగళవారం ఆవిడ కుంకుమ భరిణె తెచ్చుకున్నారు. నా నుదుటన బొట్టు పెట్టి, "శుక్రవారం మా ఇంట్లో పేరంటం. మీరు రాకపోతే నేనూరుకోను" అన్నారు. బొట్టు పెట్టి పిలిచాక రానని ఎలా అంటాం? అందులోనూ కడుపు పోయిన మనిషి, చాలాకాలానికి పండగ చేసుకుంటున్నారు. వెళ్లకపోతే ఆవిడని అవమానించినట్టే అనుకున్నాను. వెళ్లొచ్చా అని అడగడానికి నాకు ఎవరూ లేరు. అడగాలన్న ఆలోచన కూడా లేదు.

పట్టుచీర కట్టుకుని వెళ్లాను. ఆవిడ వంటింట్లో ఉన్నారు. హాల్లో చాప మీద పదిమంది ఆడవాళ్లు. అత్తగారు నా కాళ్లకి పసుపు రాస్తూ అడిగారు.

"ఎవరమ్మాయివమ్మా? మా కోడలు నీకెలా తెలుసు?"

"మా సెంటర్‌కి వస్తారు కదండీ, మంగళవారాలు."

"ఓహో, కుట్టు నేర్పేది నువ్వేనా? ఆరు నెలలైంది, ఒక్క జాకెట్టు కుట్టలేదమ్మా మా పిల్ల!" అని నవ్వారు.

అక్కడే ఊరుకోవాల్సింది. నాకు ఇంకా వెలగలేదు.

"కుట్టు కాదండీ, మాది మందుల షాపు మేడ మీద..."

"అదా!" పక్కన కూర్చున్న ఆవిడ అందుకుంది. "మా మరిదిని తాగుడు మాన్పించడానికి తీసుకెళ్లింది అక్కడికే. మెంటలోళ్లకి చెప్పే చోటు కాదేంటి?"

నాకు రోషం వచ్చింది. "మెంటల్ కాదండీ. మనసులో బాధ ఉన్నవాళ్లు చెప్పుకోడానికొస్తారు" అన్నాను.

అత్తగారి చెయ్యి నా పాదం మీదే ఆగిపోయింది. "ఏం బాధలమ్మా? మా ఇంట్లో దానికేం బాధలు?"

అప్పటికి ఆవిడ వంటింట్లోంచి వచ్చి శనగల పళ్లెంతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. వరసలో నా ముందుకొచ్చి "ఇస్తినమ్మ వాయనం" అన్నారు. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి నేను. తల వంచుకుని కొంగు పట్టాను, అంతే.

ఆ తర్వాత మంగళవారం రాలేదు. ఆ పైవారమూ రాలేదు. నెలకి కూరగాయల మార్కెట్లో కనిపించారు. అత్తగారు వంకాయలు బేరమాడుతుంటే ఆవిడే నా పక్కకొచ్చి, గబగబా అన్నారు.

"నా గురించి మీరు ఊళ్లో అన్నీ చెప్పేశారనుకుంటున్నారండీ ఇంట్లో. చెప్పలేదని నాకు తెలుసు. కానీ మిమ్మల్ని చూస్తే భయమేస్తోంది. నన్ను పలకరించకండి."

సూపర్‌వైజర్‌కి చెప్పాను, ఆవిడ రావడం మానేశారని.

"మరి క్లోజ్ చేసెయ్. రిమార్కులో 'మెరుగుపడినది' అని రాయి."

రాశాను. నా చేత్తోనే రాశాను.

ఇప్పుడు రాజమండ్రిలో ఇంకో సెంటర్‌లో చేస్తున్నాను. ఇక్కడ పదిహేను రోజులకోసారి ఒక మేడం గారు గంటసేపు మాలో ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటారు. మొదటిసారి నేను రిజిస్టరు పట్టుకెళ్లాను. "అది బయట పెట్టేసి రా" అన్నారు. "ఎవరి గురించి నీకు మనసులో ముల్లులా ఉంది?" అని అడిగారు.

అంతా చెప్పాను. చెబుతుంటే వెక్కిళ్లొచ్చాయి. మేడం గారు మధ్యలో ఆపలేదు, తిట్టలేదు. చివర్లో అన్నారు.

"బొట్టు పెట్టినప్పుడు ఏమనిపించింది?"

"సంతోషమేసిందండి. నన్ను సొంత మనిషిని చేసుకున్నారని."

"అందులో తప్పేం లేదు. ఆ సంతోషంలోనే ఒక్క మాట అడగడం మర్చిపోయావు. 'మీ ఇంట్లో నేనెవరినని చెప్పమంటారు?' అని."

ఒక్క మాట. ఆ వారంలో నా ఎదురుగా ఇలాంటి మనిషి అరగంట కూర్చుని ఉంటే నాకు తట్టేది. ఓదార్పు కలగాల్సింది పోయి నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి గంట ఒకటి ఉంటుందని ఆ సెంటర్ పెద్దలందరికీ తెలుసు. పది రోజుల ట్రైనింగ్ పిల్లని మనుషుల మధ్య వదిలేసి, మాకు మాత్రం సంతకాలు చూసే ఆయన్ని పంపారు. తప్పు నాది కాదనడం లేదు. నా ఒక్కదానిదే కాదంటున్నాను.

"వెళ్లి క్షమాపణ చెప్పుకోనా మేడం?" అన్నాను.

"ఎవరి కోసం?"

ఆవిడ కోసం అందామనుకున్నాను. అబద్ధమని నాకే తెలిసిపోయింది. పలకరించకండి అని ఆవిడ స్పష్టంగానే చెప్పారు. ఆవిడ కోసం నేను చేయగలిగింది ఇంక పలకరించకుండా ఉండడం ఒక్కటే. చేస్తున్నాను.