ఆర్పరాని రెండు కొవ్వొత్తులు

1971లో గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ బొగ్గుగనిలో నాకు ల్యాంప్ రూం డ్యూటీ పడింది. కింద గ్యాస్ అంటుకోకుండా, దిగేవాళ్ల జేబులు వెతికి అగ్గిపెట్టె, బీడీ తీసేసుకోవాలి. ఒక్కొక్కరికి ఒక దీపం ఇచ్చి, పైకి వచ్చాక తీసుకోవాలి. దీపం కొక్కేనికి తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు.

ఒక శుక్రవారం షిఫ్టు అయిపోయి చాలాసేపైనా రెండు కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి బొంబాయి నుంచి వచ్చిన యూదు ఇంజనీరుగారిది. రెండోది మా అక్క పెనిమిటి రాజయ్యది. పైకప్పు కూలి దారి మూసుకుపోయిందన్నారు. ఇంజనీరుగారి భార్యను తీసుకురమ్మని మేనేజరు నన్ను జీపులో పంపాడు.

మేం వాళ్లింటికి వెళ్లేసరికి పొద్దు గూకబోతోంది. ఆమె అప్పుడే రెండు కొవ్వొత్తులు వెలిగించి, అరచేతులతో కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తోంది. దాంతో వాళ్ల విశ్రాంతి దినం మొదలవుతుంది. ఇక మంట ముట్టించరు, ఆర్పరు, బండెక్కరు. ఇది ఇంజనీరుగారే ఒకసారి చెప్పారు. సంగతి వినగానే ఆమె చెప్పులేసుకొని రోడ్డు మీదికి వచ్చింది.

"గిసొంటప్పుడు గూడ నడుసుడేందమ్మా? జల్ది ఎక్కు," అని డ్రైవరు యాదగిరి కసిరాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆ మంట ఆర్పాల్నా, ఉంచాల్నా? ఒక్క మాట చెప్పు తల్లీ," అన్నాను. నా ముఖం చూసింది గాని బదులివ్వలేదు. గని వైపు నడిచిపోయింది. ఆర్పమని ఇంకొకరికి చెప్పడమూ వాళ్లకు తప్పేనని నాకప్పుడు తెలియదు. ఒళ్లు మండింది. గనిలో ఏ హుకుమైనా నోటితో చెప్పాల్సిందే.

గాలికి కర్టెన్ మంట వైపు ఊగుతోంది. అవతల బావ ఉన్నాడో పోయాడో. కాలు నిలవడం లేదు.

"ఊదెయ్యే అన్నా, ఎవలు జూస్తరు?" అన్నాడు యాదగిరి.

"నోర్ముయ్యి. ఈ కర్టెన్ వట్టు."

కర్టెన్లు పీకాం. కాగితాలు, బట్టలు, కుర్చీలు పక్క గదిలో పడేశాం. కొవ్వొత్తుల కింద ఇత్తడి పళ్లెం, బండ అరుగు తప్ప ఏమీ మిగల్లేదు. కిటికీలు మూసి గనికి ఉరికాం.

ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. "కాలేది ఏదీ దగ్గర లేదమ్మా," అన్నాను. తల ఊపింది.

చీకటి పడ్డాక కూలిన దారి తెరిచారు, ఇంజనీరుగారు నడిచి వచ్చారు. బావను స్ట్రెచర్ మీద తెచ్చారు, కాలు విరిగింది. "బామ్మర్దీ, నీ దీపం పదిలం. కాలే పోయింది," అన్నాడు.

భద్రత అంటే మంటను తీసెయ్యడమే అనుకునేవాణ్ణి. మంట తీయరాని చోట కాలేవాటిని తీసెయ్యాలి. ల్యాంప్ రూంలోకి కొత్తగా వచ్చినవాళ్లకు ఆ తర్వాత మొదట ఇదే నేర్పాను.