ఫొటోలో లేని మిద్దె

ఎమ్మిగనూరులో మాది మట్టి మిద్దె. మా మామగారి తండ్రి కట్టింది. ఏటా వానలకు ముందు వంక అవతల నుంచి చవుడు మట్టి తెచ్చి పైన పరిచేవాళ్లం. చవుడు పడితే మిద్దె చుక్క కారదు. అది మోసీ మోసీ నా నడుం పడిపోయింది. ఇక నా వల్ల కాదని పోరితే, మా ఆయన పోయిన ఎండాకాలం మిద్దె మీద నీలం రేకులు కప్పించాడు. కింద గోడలు, మగ్గం గుంత, మేము, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నెల తిరక్కుండానే మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చాడు. శాటిలైట్ పైనుంచి తీసిన ఫొటోలు రెండు ఫోనులో చూపించాడు. పాతదాంట్లో మా ఇల్లున్న చోట ఉత్త నేల. కొత్తదాంట్లో నీలం రేకులు మెరుస్తున్నాయి.

"ఖాళీ జాగాలో కొత్తగా కట్టినారక్కా. అక్రమం కింద వచ్చింది. తీసేయల్ల, లేకుంటే మేమే పడగొడతాం."

నాకు ఒళ్లు మండింది. "అది నేల కాదప్పా, చవుడు పోసిన మిద్దె. మా మామ ఈ గుంతలో కూసోనే బతుకంతా నేసినాడు. లోపలికొచ్చి సూడు."

"గుంత పైనుంచి కనపడదు గదక్కా. పట్టా ఉంటే సూపీ."

తాతల నాటి ఇళ్లకు పట్టాలెక్కడివి? కరెంటు బిల్లు చూపిస్తే అది కరెంటోళ్ల సంగతన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. ఇల్లు పోతే మగ్గం పోతుంది, మగ్గం పోతే ఏం తిని బతకాలి? వాకిట్లోకి వస్తే చాలు, తల దానంతటదే పైకి పోయేది. ఉత్త ఎండ తప్ప ఏమీ కనిపించేది కాదు. కనిపించని దానికే ఎక్కువ భయమేసేది.

మా ఆయన మటుకు నింపాదిగా, "రేకులు కనపడితేనే గదా తంటా. తీసేసి మళ్లా చవుడు పోస్తే సరి. ఇన్నేండ్లు మనల్ని అడిగినోడు ల్యాడు," అన్నాడు. నాకూ అదే నయమనిపించింది. కొరివితో తల గోక్కుంటున్నామని అప్పుడు తెలియలేదు.

ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని రేకులు విప్పాం. చచ్చీ చెడీ చవుడు మోశాం. కొన్నాళ్లకు ఆ మున్సిపాలిటీ ఆయనే మళ్లీ వచ్చి, వీధి మొదట్లో బండి ఆపుకుని ఫోనులో కొత్త ఫొటో చూసుకున్నాడు. మా ఇంటివైపు చూడనే లేదు.

"తీసేసినారు గదా, మంచిదైంది. కేసు మూసేసినాం," అన్నాడు. పీడ విరగడైందని టీ తెచ్చి ఇచ్చాను.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున నేను గుంతలో కూర్చుని నేస్తుంటే బయట గడ్డపార చప్పుడైంది. తలుపు తీసి చూస్తే మా గడప ముందు ఒక రాయి పాతుతున్నారు. అలాంటిదే ఇంకొకటి మా వెనక గోడ అవతల అప్పటికే పాతేశారు. ఆ రెండు రాళ్ల నడుమ నుంచి కొత్త రోడ్డట.

"ఇది ఇల్లప్పా. మనుషులుండాం," అన్నాను.

కొలతలు తీస్తున్న ఆయన ఒకసారి ఫొటో చూశాడు, ఒకసారి నన్ను చూశాడు.

"ఈడ ఇల్లు ల్యాదు గదమ్మా. ఉన్నింది మీరే తీసేసినారంట."