భావనపాడు ఎదురుగాలిలో పది మీటర్ల దూరం

"లక్షన్నర సైకిలు లేనివాళ్ళు ట్రయథ్లాన్ పేరెత్తకండి మేడమ్, నవ్వులపాలవుతారు" అని మా వాట్సాప్ గ్రూపులో సుధాకర్ గారు రాశారు. ఆ రోజే పన్నెండు వందలు ఫీజు కట్టేశాను. కోపంతోనే కట్టాను, దాచడం దేనికి? భావనపాడు సముద్రంలో ఏడువందల యాభై మీటర్ల ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిలు, అయిదు కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి. నాకు నలభై ఒకటి. నెల్లిమర్లలో ఆడవాళ్ళ బట్టలు కుడతాను, ఈత మా చంపావతి నది నేర్పింది. విజయనగరంలో సిమెంటు వ్యాపారం చేసే సుధాకర్ గారికి చక్రాలే ఎనభై వేలట, తోక ఉన్న హెల్మెట్ ఇరవై రెండు వేలట, ఆ సైకిలు గాలిని కోసుకుపోతుందట. నా గేర్ల సైకిలు తొమ్మిది వేల అయిదొందలకు దొరికిన పాతది. ఈతకీ, తొక్కడానికీ, పరుగుకీ పనికొచ్చే సూటు మూడొందల నలభై రూపాయల గుడ్డతో నా మిషను మీద నేనే కుట్టుకున్నాను. ఒక్కటే భయం. బయలుదేరిన గంటా నలభై అయిదు నిమిషాల్లోపు సైకిలు ముగించకపోతే పరుగుకి పంపరు, పక్కన కూర్చోబెడతారు. అలా కూర్చోబెడితే సుధాకర్ గారి మాటే నెగ్గినట్టు.

శనివారం మధ్యాహ్నం నెల్లిమర్లలో పలాస వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. చక్రాలు విప్పి, సైకిలుని పాత చీరలో చుట్టి, తలుపు పక్కన నిలబెట్టాను. నౌపడాకి రెండున్నర గంటల పైనే పట్టింది. అక్కడినుంచి భావనపాడుకి సైకిలుతో కలిపి ఆటో మూడొందలు అడిగాడు, రెండొందల యాభైకి ఒప్పుకున్నాడు. రోడ్డుకి రెండు వైపులా ఉప్పు మడులే, నీడకి ఒక్క చెట్టు లేదు. "ఈ రోడ్డు మీదే తొక్కుతారేటమ్మా? పొద్దెక్కితే సముద్రం గాలి మొకం మీద కొడతాది. నా ఆటోయే ఎనక్కి లాగీసినట్టుంటాది" అన్నాడు డ్రైవరు. బాగానే భయపెట్టాడు మహానుభావుడు!

రిసార్టులో గది వద్దనుకుని, చేపలు అమ్మే పోలమ్మ ఇంట్లో దిగాను. భోజనంతో కలిపి నాలుగొందలు. నాకన్నా పదేళ్ళు పెద్దది, మోపెడ్ వెనక చేపల తొట్టి కట్టుకుని రోజూ నౌపడా దాకా పోయి అమ్ముకొస్తుంది. నెత్తళ్ళ పులుసు వడ్డిస్తూ పందెం సంగతి అడిగింది.

"ఒక సైకిలు ఎనకాల ఇంకో సైకిలు అంటుకుని తొక్కకూడదక్కా. పది మీటర్లు ఎడం ఉండాల. ముందోడి సాటున గాలి తగలదు గదా, మన కష్టం తగ్గిపోతాది. అది తప్పు. దొరికితే రెండు నిమిషాలు నిలబెట్టీస్తారు" అన్నాను.

"ఇదేటి సోద్దెం!" అంది పోలమ్మ, గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయి. "మా కాడ పెద్ద బోటు ముందెల్తాది, సిన్న తెప్ప దాని సాటున వస్తాది. ఎదురుగాలిలో ఒక్కడినీ ఒగ్గీసి వచ్చినోడికి ఊర్లో ఎవులూ మంచినీల్లు కూడా ఇవ్వరు."

ఆదివారం ఏడింటికి మొదలవ్వాల్సింది ఎనిమిదింపావుకి మొదలైంది. పొద్దున్న బలానికని జెల్ ప్యాకెట్లు నోట్లో పిండుకుంటున్నవాళ్ళ మధ్య పోలమ్మ ఇచ్చిన చోడి అంబలి, అదే రాగిజావ, తాగాను. ముప్ఫై నాలుగు మందిమి దిగాం. అలలు రెండుసార్లు వెనక్కి తోశాయి, ఉప్పునీళ్ళు మింగాను, అయినా ముప్ఫై రెండు నిమిషాల్లో ఒడ్డెక్కాను. సూటు ఒక్క కుట్టు పిగల్లేదు. నౌపడా వైపు పది కిలోమీటర్లూ గాలి వీపుని తోసింది. వెనక్కి తిరిగాక తెలిసింది ఆటో డ్రైవరు ఎంత నిజం చెప్పాడో. గేర్లు తగ్గించినా కాళ్ళు ముందుకి పడవు. ఆరు కిలోమీటర్లు ఉందనగా సుధాకర్ గారూ, మరో ముగ్గురూ గొలుసులా ఒకరి చక్రానికి ఒకరు అంటుకుని నన్ను దాటారు. ఈతలో వెనకబడ్డారు కాబోలు. "పది మీటర్లండీ!" అని అరిచాను. "గాలి అందరిదీ మేడమ్!" అని నవ్వుతూ పోయారు. ఒళ్ళు మండిపోయింది.

రోడ్డు పూర్తిగా మూయలేదు. ఎనిమిది నిమిషాల తర్వాత వెనక మోపెడ్ చప్పుడు, చేపల వాసన. ఖాళీ తొట్టితో పోలమ్మ. నన్ను దాటి సరిగ్గా నా ముందుకొచ్చి నెమ్మది చేసింది. "రాయే, నా ఎనకాల రా! గాలి నాను కాస్తాను!" అంది.

గాలి టక్కున ఆగిపోయింది. అబద్ధం చెప్పను, అర నిమిషం ఆ సుఖం అనుభవించాను. ప్రాణం లేచొచ్చింది. తర్వాత బ్రేకు వేసి, "వద్దక్కా, ఎల్లిపో!" అని చెయ్యి ఊపాను.

"సైకిలు ఎనక కూడదన్నావు గానీ బండి ఎనక కూడదన్నావేటి?" అని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. మిగిలిన నాలుగు కిలోమీటర్లూ గాలితో నేనొక్కదాన్నే పోట్లాడాను.

సైకిలు ముగించే గీత ముందు గడియారం చూస్తే గంటా నలభై రెండు. ఈల మెడలో వేసుకున్న రిఫరీ అమ్మాయి దగ్గర ఆగి, "అర నిమిషం మోపెడ్ వెనకాల తొక్కాను. నన్ను నిలబెట్టండి" అన్నాను. "నేను చూడలేదండీ, వెళ్ళిపోండి" అంది. "మీరు చూడని నలుగురు ముందే వెళ్ళిపోయారు. నేను మాత్రం అలా వెళ్ళను" అన్నాను గట్టిగానే. ఆ అమ్మాయి స్టాప్‌వాచీ నొక్కింది. రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. గంటా నలభై నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకి గీత దాటి పరుగుకి దిగాను. ఇసుకలో పడుతూ లేస్తూ పూర్తిచేశాను. ముప్ఫై ఒకటో స్థానం.

తర్వాత రిఫరీ నోట సంగతి విన్న సుధాకర్ గారు చక్రాలు విప్పుకుంటూ అడిగారు. "ఎవరూ చూడనిదానికి మీరెందుకు చెప్పారు మేడమ్?"

"నేను చూశాను కదండీ. లక్షన్నర సైకిలు గాలిని కోస్తుందన్నారు. మరి ముందువాడి వీపెందుకు కావాల్సొచ్చింది?"

ఆయన సంచీ జిప్పు లాక్కున్నారు. పక్కనే నిలబడ్డ పోలమ్మకి అప్పుడు సంగతంతా అర్థమైంది. "నా మూలాన్నే నిన్ను నిలబెట్టీసినారేటి?" అని మొహం చిన్నబుచ్చుకుంది. అంతలోనే, "అయితే మిగతా దారంతా ఒక్కదానివే వచ్చినావన్నమాట. పద, మంచినీల్లు తాగుదువు" అని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది.

రైల్లో వస్తూ చాలాసేపు ఆలోచించాను. పోలమ్మ సముద్రంలో చాటు ఇవ్వకపోవడం తప్పు, ఈ పందెంలో చాటు తీసుకోవడం తప్పు. రెండూ నాకు ఒప్పుదలే. ఒప్పుకోనిది ఒక్కటే, ఇంకొకరి చాటున వచ్చి, ఒంటరిగా వచ్చినట్టు గ్రూపులో ఫోటో పెట్టుకోవడం. వచ్చే ఏడు కూడా ఈ సైకిలుతోనే వస్తాను. ఎవరు నవ్వుతారో నవ్వండి. మీరూ వస్తానంటే ఒక్క మాట: కొత్త చక్రాల కోసం అప్పు చెయ్యకండి గానీ, బస ఇచ్చినవాళ్ళకి పది మీటర్ల నియమం ముందే చెప్పండి. సైకిలు ఒక్కటే కాదు, మోపెడ్, ఆటో, ట్రాక్టరు వెనక కూడా కూడదని విడమరిచి చెప్పండి. ఇక్కడివాళ్ళు మీరు గాలిలో కష్టపడుతుంటే చూస్తూ ఊరుకోరు.