ఎవరి విద్య వాళ్ళకి పనికిరాదు

పిన్ని పోయిందని అంజి ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రం నరసరావుపేటలో మా ఇంటి వసారాలో పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. "రాజీ, పిన్ని పడిపోయిందే" అన్నాడు ముందు. పడిపోతే ఆస్పత్రికి తీసుకుపోకుండా నాకు ఫోన్ చేస్తూ కూర్చున్నావేంట్రా అని కసిరాను. "లెయ్యలేదే" అన్నాడు. ట్యూషన్ పిల్లలు పుస్తకాలు సర్దుకుని, నేను చెప్పకుండానే వెళ్ళిపోయారు.

ఆమె నాకు సొంత పిన్ని కాదు, అంజికీ కాదు. దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీ పక్కన పనివాళ్ళు కట్టుకున్న ఇళ్ళ వరసలో మా గోడకి ఆనుకున్న గోడ ఆమెది. అంజి వాళ్ళది ఎదురిల్లు. మా నాన్న క్వారీలో రాయి కొట్టేవాడు, బాబాయి సిమెంటు లారీ తోలేవాడు. లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో తెలియదు. ఇంట్లో పిన్నీ, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కోటేశ్వరీ ఉండేవాళ్ళు. కోటేశ్వరిని అందరం కోటీ అనేవాళ్ళం.

కోటికి చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. నడిస్తే ఆ కాలు వెనక ఈడ్చుకుంటూ వచ్చేది. బళ్ళో పిల్లలు అలా నడిచి చూపించి నవ్వారని నడవడమే మానేసింది. పొద్దున గడపలో కూర్చుంటే చీకటి పడేదాకా అక్కడే. గుంటూరు పెద్దాసుపత్రిలో డాక్టరు, "నడిపించమ్మా, లేకపోతే ఉన్న కండ కూడా పోతుంది" అన్నాడట. పిన్ని బతిమాలింది, కొట్టింది, బెల్లం ముక్క ఆశ పెట్టింది. కోటి కదల్లేదు. "నేను నడిచి ఏం చెయ్యాల? నాకేం పనుంది?" అనేది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు.

అది ఎనభయ్యో దశకం మొదట్లో ఒక ఎండాకాలం. మా వరసలోకి ఇంకా టీవీ రాలేదు. మేము వీరుల కథలు వింటూ పెరిగిన ఊళ్ళ పిల్లలం కాబట్టి ఆడితే కత్తియుద్ధమే ఆడేవాళ్ళం. అందరం వీరులమే, అందరికీ కంది కట్టెల కత్తులే. ఒకరోజు అంజి నా మోచేయి పగలగొట్టాడు. పిన్ని నన్ను లోపలికి లాక్కుపోయి పసుపు అద్దుతూ, "అందరికీ కత్తులేనా? మరి దెబ్బలకి కట్టు కట్టేదెవరే? దారి చెప్పేదెవరు? ఇట్టా రండి, నేనొక ఆట చెప్తా" అంది. ఆ ఆట మూడేళ్ళు నడిచింది.

ఆటలో మేము అడవి దాటి ఒక కోటకి చేరాలి. కథ పిన్ని చెబుతుంది. మధ్యలో పులి వస్తే పులి ఆమే, వాగు పొంగితే వాగూ ఆమే. ఒక్కొక్కరికి ఒక్కో వేషం, ఒక్కో వేషానికి ఒకటే విద్య. ఆ విద్య ఊరికే ఉందంటే ఒప్పుకోదు, నిజంగా చేసి చూపించాలి. అంజికి బలం ఇచ్చింది. ఆటలో బండరాయి జరపాలంటే వాడు బయట పంపు దగ్గర ఎవరికైనా ఒక బిందె నీళ్ళు కొట్టి మోసుకు రావాలి. మా వరసలో ఏ తల్లీ ఈ ఆటకి ఎందుకు అడ్డు చెప్పలేదో ఇప్పుడు తెలుస్తోంది. నాకు గుర్తుపెట్టుకునే విద్య ఇచ్చింది. నిన్న కథ ఎక్కడ ఆగిందో, ఎవరేమన్నారో పొల్లుపోకుండా చెప్పాలి. నేను తప్పితే ఆ రోజు ఎవరూ ముందుకి కదలడానికి లేదు.

పిన్ని వాకిట్లో నల్లగా నున్నటి నాపరాయి పలక ఒకటి ఉండేది. దానిమీద సున్నపురాయి ముక్కతో ఒక్కొక్కరికి ఒక్కో గీత గీసింది. మొదట అందరివీ బొటనవేలంత గీతలే. విద్య వాడినప్పుడల్లా గీత కాస్త పెరుగుతుంది. గీత పెరిగితేనే పెద్ద పని చేయనిస్తుంది. పొట్టి గీతవాడు పులి జోలికి పోతే పడిపోవాల్సిందే. కొన్నాళ్ళు వాడకుండా కూర్చుంటే వేలు తడిచేసి కొసన తుడిచేస్తుంది. "వాడని విద్య నీది కాదు" అనేది. వాన పడి గీతలన్నీ కొట్టుకుపోయినా ఎవరిది ఎంతో మళ్ళీ అంతే గీసేది. ఆ లెక్కలో మేమెప్పుడూ పోట్లాడుకోలేదు, అది ఒక విచిత్రం.

అన్నిటికీ పైన ఒక రూలు ఉండేది. ఎవరి విద్య వాళ్ళకి పనికిరాదు. బలం ఉన్నవాడు తన మీద పడ్డ రాయి తాను తీసుకోలేడు. ఇంకొకరు రావాలి. "అదేం రూలు పిన్నీ" అని అంజి గోల చేస్తే, "నా ఆట, నా రూలు. ఇష్టమైతే ఆడు, లేకపోతే పోయి మీ గేదెకి గడ్డెయ్యి" అంది.

గడపలో కూర్చున్న కోటికి పిన్ని ఏమీ ఇవ్వలేదు. ఏం కావాలో అడుగుతుందని చూసింది. మూడోరోజు కోటి అడిగింది. "నాకు పరుగు కావాలమ్మా." అంజీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పిన్ని మాత్రం నవ్వలేదు, కళ్ళు తిప్పుకోలేదు. "సరే. పరుగు విద్య మొదలయ్యేది నడకతోనే. ఎవరన్నా పడిపోతే నువ్వు నడిచి పోయి నుదుటి మీద చెయ్యేసి 'లెయ్' అనాల. పడిపోయినోళ్ళు కళ్ళు తెరిచి 'వచ్చావా' అనాల. నువ్వు పోందే వాళ్ళు లెయ్యటానికి లేదు" అంది. పడిపోయినవాళ్ళ చోటు వీధి చివర పంపు.

ఆ సాయంత్రం పులి చేతిలో పడిపోయి అంజి పోయి పంపు పక్కన మట్టిలో వెల్లకిలా పడుకున్నాడు. కోటి చాలాసేపు గడప వదల్లేదు. వాళ్ళమ్మ అన్నానికి పిలిచినా అంజి లేవలేదు. చివరికి కోటి గోడ పట్టుకుని లేచింది. తన కోసం అడుగు వేయని పిల్ల, మట్టిలో పడుకున్న వాడి కోసం వీధి పొడుగునా నడిచింది. 'లెయ్' అంది. 'వచ్చావా' అన్నాడు వాడు. తిరిగొస్తే పలక మీద ఆమె గీత పెరిగింది.

కానీ పిన్నికి మాటలు తప్పలేదు. కుంటిపిల్లని ఎండలో తిప్పుతోందని, ఆమె కన్నతల్లేనా అని పంపు దగ్గర ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. అంజి వాళ్ళమ్మ ఒకరోజు మమ్మల్ని పట్టుకుంది. "పాపం, అంత దూరం దాన్ని నడిపిస్తారంట్రా? మీకు మనసు లేదా? ఆ దగ్గర్లోనే ఎక్కడో పడి చావండి" అంది. మాకూ అదే మంచి పని అనిపించింది. పిన్ని వంటింట్లో ఉన్నప్పుడు అంజి పంపు దాకా పోకుండా మధ్యలో కోళ్ళగూడు దగ్గర పడిపోయేవాడు. తర్వాత ఇంకా ఇవతల, మా ఇంటి అరుగు దగ్గర. కోటి కాస్త నడిచి 'లెయ్' అనేది. అందరం సంతోషంగా ఉండేవాళ్ళం.

క్వారీ దుమ్ము మా వీధిలో ఎప్పుడూ పిండి జల్లినట్టు తెల్లగా పరుచుకుని ఉండేది. కోటి నడిస్తే ఎడమపాదం ముద్ర పడేది, పక్కనే కుడికాలు ఈడ్చిన గీత పడేది. పిన్ని రోజూ బయటికి వచ్చి ఆ గీత చూస్తోందని మాకేం తెలుసు? ఒకరోజు వచ్చి చూసింది, గీత మా అరుగు దగ్గరే ఆగిపోయి ఉంది. వాకిట్లోకి వచ్చి వేలు తడిచేసి పలక మీద కోటి గీతని సగానికి తుడిచేసింది.

"నేనేం చేశానమ్మా? పిలిచినప్పుడల్లా పోయాగా!" కోటి బావురుమంది.

"పోయావు. ఈడిదాకా పోయావు. ఆడిదాకా పోలా" అని పిన్ని మా వైపు తిరిగింది. "ఒరేయ్ అంజీ, ఏమే రాజీ, మీకు జాలేస్తే మీ ఇళ్ళలో కూకోని ఏడవండి. నా బిడ్డ దారి మాత్రం తగ్గించమాకండి. రేపు నేను లేనప్పుడు దాని దారి ఎవరు తగ్గిస్తారు?"

ఆ మాటకి అంజి ఏడ్చాడు. మర్నాడు వాడు పంపు కూడా దాటి క్వారీ రోడ్డు మలుపులో పోయి పడుకున్నాడు. కోటి బయల్దేరింది. పంపు దాటాక కాలు మెలికపడి పడిపోయింది. నేను పరుగెత్తబోతే పిన్ని నా జడ పట్టుకుని ఆపింది. గడపలో నిలబడి రెండో చేత్తో ద్వారబంధం పట్టుకుంది. పిల్ల అక్కడ మట్టిలో కూర్చుని ఏడుస్తోంది, తల్లి ఇక్కడ నిలబడి ఉంది, పంపు దగ్గర ఆడవాళ్ళు పిన్నిని తిడుతున్నారు. చాలాసేపటికి కోటి లేచింది. మలుపు దాకా పోయింది. దూరం నుంచి 'లెయ్' వినపడింది. అప్పుడు పిన్ని నా జడ వదిలి లోపలికి పోయి, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

కోటి కాలు బాగుపడలేదు. అలాంటి కథ కాదు ఇది. ఇవాళ్టికీ ఈడ్చే నడుస్తుంది. కానీ నడుస్తుంది. నడిచే హైస్కూలుకి పోయింది, నడిచే దాచేపల్లి బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టు పెట్టుకుంది. బాబాయి పోయాక తల్లిని తన దగ్గరే పెట్టుకుని చూసుకుంది.

పోయిన వేసవిలో మా అబ్బాయిని తీసుకుని పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. వాడు ఫోన్లో ఏదో ఆన్‌లైన్ ఆట ఆడుతున్నాడు, ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి వేషాలు వేసుకుని అడవుల్లో తిరిగే ఆట. పిన్ని కళ్ళజోడు సర్దుకుని పక్కకి చేరింది. ఈ ఆట నాకు తెలుసురా అంది. వాడు నవ్వి, క్యారెక్టర్ అంటే ఏమిటో, స్కిల్ అంటే ఏమిటో, పాయింట్లు వస్తే ఏ స్కిల్‌కి పెట్టుకోవాలో, లెవెల్ పెరిగితే కొత్తవి ఎలా తెరుచుకుంటాయో అన్నీ చెప్పాడు.

"వాడకపోతే తగ్గుద్దా?"

"తగ్గదు అమ్మమ్మా. ఒకసారి వస్తే ఇక మనదే."

"అదేందిరా! వాడకపోయినా ఉంటదా?" పిన్నికి నచ్చలేదు. "పడిపోతే ఎవరు లేపుతారు?"

"పక్కన హీలర్ ఉంటే లేపుతాడు. లేకపోతే కాసేపాగి మనమే మొదట్నుంచి పుడతాం."

"అట్టయితే చానా మేలు. మా ఆటలో ఎవరన్నా వచ్చిందాకా పడుండాల్సిందే" అని నవ్వి, వాడి తల నిమిరింది. "మరి నీ విద్య నీకే వాడుకోవచ్చా?" వాడు వాడుకోవచ్చన్నాడు. "ఊఁ" అంది. కొట్టు నుంచి కోటి వచ్చే వేళైంది. పిన్ని మాట ఆపి వీధి వైపు చూస్తూ కూర్చుంది. కాలు ఈడ్చిన చప్పుడు వినపడ్డాక లేచి పొయ్యి వెలిగించింది. ఆమెని నేను చూడటం అదే ఆఖరు.

నేను వెళ్ళేసరికి అన్నీ సిద్ధం చేశారు. ఎవరో ట్రాక్టర్ తెచ్చి పెట్టారు. నిప్పుకుండ తానే పట్టుకుంటానంది కోటి. పెద్దాయన ఒకాయన, "అంత దూరం ఆ కాలితో ఎట్టా నడుస్తావమ్మా? ట్రాక్టర్ ఎక్కి కూకో" అన్నాడు. ఆయన మంచితనానికే అన్నాడు. కోటి ఆయన వైపు చూడలేదు. "అమ్మ పడిపోయింది పెదనాన్నా. పడిపోయినోళ్ళ కాడికి నడిచే పోవాల" అంది. అంజి నా పక్కన ఉన్నాడు. వాడు తల దించుకున్నాడు.

పాడె ముందు కోటి నడిచింది. మోసేవాళ్ళూ వెనక వచ్చేవాళ్ళూ ఆమె కాలి గీత తొక్కకుండా, ఆమె నడకకే నడిచారు. పంపు దాటి, మలుపు దాటి, క్వారీ రోడ్డు మీద మధ్యలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించారు. చెవిలో మూడుసార్లు పిలువమ్మా అన్నారు. కోటి కుండ పక్కన పెట్టి కూర్చుంది. చెవి దగ్గరికి వంగలేదు. నుదుటి మీద అరచెయ్యి పెట్టి, "లెయ్" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు అది కూడా ఆచారమే అనుకున్నారు. అంజికీ నాకూ మాత్రమే తెలుసు. కోటి చెయ్యి తీయకుండా చూస్తోంది. యాభై దాటిన మనుషులం, నేనూ వాడూ కూడా ఆ మూసిన పెదవుల వంక చూస్తూ 'వచ్చావా' కోసం ఆగాం.

పిన్ని నాకిచ్చిన విద్య గుర్తుపెట్టుకోవడం. ఆమె మాటలన్నీ పొల్లుపోకుండా నా దగ్గరున్నాయి, ఒక్కటీ నన్ను ఓదార్చడం లేదు. ఎవరి విద్య వాళ్ళకి పనికిరాదని ఆమె చెప్పనే చెప్పింది. ఇది చదివే మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

అంతా అయ్యాక అదే దారిన తిరిగొచ్చాం. పెద్దాయన ట్రాక్టర్ వెనక్కి పంపేశాడు. గాలి లేదు, దుమ్ము కదల్లేదు. పిన్ని వాకిట్లో నుంచి వల్లకాటి దాకా తెల్లటి రోడ్డు మీద ఎడమపాదం ముద్రలు, వాటి పక్కనే తెగకుండా ఒకటే గీత.