పక్క మంచం అభిప్రాయం

డయాలిసిస్‌కి వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తలో ఒక లావుపాటి నవల వెంట తీసుకెళ్ళాను. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కదా, చదువుకోవచ్చు అనుకున్నాను. ఎడమ చేతికి సూదులుంటాయి, ఆ చెయ్యి కదపకూడదు. పుస్తకం కుడి చేత్తోనే పట్టుకోవాలి, పేజీ కూడా ఆ చేత్తోనే తిప్పాలి. పది పేజీలయ్యేసరికి మణికట్టు లాగేసి, పుస్తకం ముఖం మీద పడింది. ఆ రోజుకి చాలనిపించింది.

మాది పాతపట్నం. ఇరవై ఏళ్ళుగా హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. పుస్తకాలు చదివేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకదాంట్లో ఉన్నాను. ప్రతి ఆదివారం ఎవరు ఏం చదువుతున్నారో, అది ఎలా ఉందో రాయాలి. ఒకప్పుడు అందరికంటే ముందు నేనే రాసేదాన్ని, అదీ పేజీలకు పేజీలు. జబ్బు వచ్చాక ఆదివారం అంటేనే నీరసం వచ్చేది. చదివింది చదివినట్టే జారిపోయేది. "బాగుంది, సగంలో ఉన్నాను" అని రాసి ఫోను బోర్లించేదాన్ని. ఒకే నవల గురించి అదే మాట మూడు ఆదివారాలు రాశాను. ఎవరూ కనిపెట్టలేదు.

వారానికి మూడు రోజులు మొదటి బస్సులో నేనూ మా ఆయనా టెక్కలి వెళ్ళేవాళ్ళం. ఆ మూడు రోజులూ ఆయన బట్టల కొట్టు మధ్యాహ్నం దాకా మూసే ఉండేది. నేను లోపల మంచం మీద ఉంటే, ఆయన బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో నా సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. నేను తూలుతూ బయటికి రాగానే లేచి నిలబడేవాడు. అలా రెండేళ్ళు.

నా పక్క మంచం మీద ఉద్దానం వైపు రైతు ఒకాయన ఉండేవాడు. అరవై దాటిన మనిషి. జీడితోట ఉంది, చేసే ఓపిక లేదు. ఒకరోజు నా చేతిలోని నవల చూసి అడిగాడు.

"ఏటమ్మా అది? పరీచ్చలకేటి?"

"కాదు బాబాయ్, కథ."

"ఏటి కథ? సెప్పు, ఇనుకుంటాను."

చెప్పాను. వానల్లేక ఒక రైతు ఎడ్లని సంతలో అమ్మేస్తాడు, ఇంటికి నడిచొచ్చి కడుపునిండా తిని పడుకుంటాడు. అక్కడిదాకా చదివానన్నాను.

"అబద్దమమ్మా. ఎడ్లనమ్మినోడికి ఆ రోజు ముద్ద దిగదు. నాను రెండ్రోజులు తిన్లేదు. ఆ రాసినోడు ఎడ్లనెప్పుడూ అమ్మలేదు."

"అంత దూరం నడిచొచ్చేడు కదా బాబాయ్. ఆకలేస్తుంది."

"నీకు తెల్దులే."

నాకు కోపం వచ్చింది. ఆ దృశ్యం బాగా రాశాడనుకుని ఉన్నాను నేను. ఎందుకు బాగుందో మనసులోనే వాదించుకుంటూ ఇంటికొచ్చాను. బస్సు దిగాక తట్టింది, ఒక పుస్తకం కోసం నాకు కోపం వచ్చి ఎన్ని నెలలయిందో అని.

ఒకరోజు ఆగి మళ్ళీ వెళ్తే, మంచం ఎక్కీ ఎక్కకముందే, "ఆ ఎడ్లనమ్మినోడు ఏటైనాడు?" అని అడిగాడాయన. అప్పటినుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. పూటకి పది పేజీలు, ఓపికుంటే పదిహేను. ప్రతి పేజీకీ ఆయనకొక అభ్యంతరం. ఆ నెలలో నువ్వులు చల్లరు. ఆ ముసలమ్మ అంత మంచిది కాదు, చూస్తూ ఉండు. ముసలమ్మ విషయంలో ఆయన మాటే నిజమైంది. "మేడమ్, మెల్లగా చదవండి, మీకు బీపీ పెరుగుతుంది" అనేది నర్సు. అని తనూ అక్కడే నిలబడి వినేది.

కొన్నాళ్ళకి కథలో ఆ రైతు మంచాన పడ్డాడు. భార్య ఏడాదిపాటు అన్నీ చేసింది. ఒక మధ్యాహ్నం గడియ పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. అక్కడ ఆపి, "మంచి పని చేసింది" అన్నాను.

"ఏటి మంచి? మంచాన పడ్డోడిని ఒదిలీసి ఎల్లిపోతాదేటి ఆడది?"

"ఆవిడా మనిషే కదా బాబాయ్. ఎన్నాళ్ళని చేస్తుంది?"

"మరి ఆడికి నీళ్ళెవులిస్తారు? నువ్వు సదువుకున్నదానివి కదా, సెప్పు. ఎవులిస్తారు?"

గొంతు పెద్దదైంది. ఆ విసురులో సూదులున్న చెయ్యి కదిలి మిషన్ కూయడం మొదలుపెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చి సరిచేసింది. ఆయన గోడవైపు ముఖం తిప్పుకున్నాడు. మిగతా గంటన్నరా ఇటు చూడలేదు.

బస్టాండుకి నడుస్తూ మా ఆయనకి చెప్పాను. ఆయన అన్నాడు: "వాళ్ళావిడ రావట్లేదు. నెలయింది. కళింగపట్నంలో చెల్లెలింటికి వెళ్ళిపోయిందట. రోజూ వరండాలో నా పక్కనే కూర్చునేది కదా. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళెవరో ఆటో ఎక్కించి పంపుతున్నారు."

బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. బాబాయికి అంత నొప్పి కలిగించిన మాట నేనెందుకన్నానో నాకు తెలుసు. పుస్తకంలోని ఆడమనిషి నాకు ఏమీ కాదు. నా సంచీ ఒళ్ళో పెట్టుకుని పక్కన కునికిపాట్లు పడుతున్న ఈ మనిషి కోసం అన్నాను. మీరు వెళ్ళిపోండి, నేను ఏమీ అనుకోను అని రెండేళ్ళుగా చెప్పాలనుకుంటున్నాను. ఆ మాట ఇంట్లో పెగలక, అక్కడ పక్క మంచం ఆయన మీద పడింది.

తరవాత రెండుసార్లు నేను చదవలేదు, ఆయన అడగలేదు. మూడోసారి వెళ్ళేసరికి ఆయన మంచం పక్కన స్టూలు మీద ఒక బక్కపల్చటి ఆవిడ కూర్చుని ఉంది. నర్సు కాసేపు ఉండనిచ్చినట్టుంది. ఆయన ఆవిడతో మాట్లాడటం లేదు. నాతో అన్నాడు.

"సదువమ్మా. ఆ ఎల్లిపోయినదాని కాడ్నుంచి సదువు."

"వేరేది చదువుతాను బాబాయ్."

"అదే సదువు."

చదివాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. అయ్యాక నన్నడిగింది.

"తిరిగొస్తాదేటి?"

"తెలీదు పిన్నీ. నేనూ ఇంకా అక్కడికి రాలేదు."

"వస్తాదిలే. అది కోపంతో ఎల్లలేదమ్మా. నిద్దరోడానికి ఎల్లినాది. ఏడాది నుంచి కునుకు లేదు కదా దానికి. నానూ అంతే. మా సెల్లి అన్నానికి లేపితే తిని మళ్ళా పడుకున్నాను. అలా ఎన్ని రోజులో నాకే తెల్దు. ఒళ్ళు తెలిసి సూసుకుంటే నెలైపోనాది. రావడానికి సిగ్గేసినాది."

ఆయన పైకప్పు వైపు చూస్తూ, "నాతో సెప్పొచ్చు కదేటే" అన్నాడు.

"సెప్తే పడుకోనిస్తావేటి నువ్వు?"

ఇద్దరి గొంతులోనూ కోపం లేదు. కోప్పడేంత ఓపిక ఇద్దరికీ ఉన్నట్టు లేదు.

ఆ ఆదివారం చాన్నాళ్ళ తర్వాత గ్రూపులో పెద్దగా రాశాను. ఆ భార్య పాత్రలో రచయిత ఆత్మగౌరవం చూపించాడు, అవమానం చూపించాడు, ఒంటి అలసట మాత్రం ఎక్కడా చూపించలేదని రాశాను. "ఆమె వెళ్ళిపోవడం స్వేచ్ఛకి ప్రతీక కదా మేడమ్" అని ఒకాయన జవాబిచ్చాడు. నాలుగు వాక్యాలు టైపు చేసి, చెరిపేసి, "కావచ్చు" అని పెట్టాను.

నవల అయ్యేలోపే బాబాయికి వాళ్ళ ఊరికి దగ్గర సెంటర్లో చోటు దొరికింది. వెళ్ళేముందు, "ఆకర్ని ఏటైనాదో తెలిస్తే ఫోన్ సెయ్యమ్మా" అన్నాడు. చివరి పేజీ అయ్యాక చేశాను. ఆవిడ ఎత్తింది. కథలో ఆమె తిరిగి రాలేదని చెప్పాను.

"అలాగేటి" అంది ఆవిడ. గొంతు తగ్గించి, "ఈయనకి తిరిగొచ్చినాదని సెప్తానులే" అంది.

ఆ వారమే మా ఆయనతో అన్నాను. "శుక్రవారాలు మీరు రాకండి. నేనొక్కదాన్నే వెళ్ళొస్తాను."

"కళ్ళు తిరిగితే?"

"బస్టాండులో కూర్చుంటాను. తగ్గేక బస్సెక్కుతాను."

"ఎందుకిప్పుడిదంతా?"

"మీరు అలిసిపోయేరు."

ఆయన కాదని అనలేదు. రెండేళ్ళలో ఆ మాట మా ఇద్దరి మధ్యా రావడం అదే మొదటిసారి. మొదటి శుక్రవారం నాలుగుసార్లు ఫోన్ చేశాడు. రెండో శుక్రవారం ఒక్కసారీ చేయలేదు. ఇంటికొచ్చి, కొట్టు తీశారా అని అడిగాను. తియ్యలేదన్నాడు. పదకొండింటిదాకా పడుకుండిపోయేనని, తప్పు చేసినవాడిలా కింద చూస్తూ చెప్పాడు. నేను చెప్పులు విప్పి ఆయన పక్కన మంచం మీద కూర్చున్నాను. అన్నం ఎవరు వండాలన్న మాట చాలాసేపటిదాకా ఇద్దరం ఎత్తలేదు.