జుక్కల్ కోతలు

"చాలుగాని, కోతలు కొయ్యకే సాలవ్వా! వరి కొయ్యుడంటె మీ జొన్నచేను అనుకుంటున్నవా?"

"జుక్కల్ చెయ్యి ఏది దొరికితె అది కోస్తది మంగవ్వా. నువ్వు, నీ చెల్లె ఆ సగం మడి పట్టుండ్రి. ఈ సగం నేనొక్కదాన్నే. మీకంటె ముందు ఒడ్డెక్కుత."

"ఎక్కకుంటె?"

"నీ గుంపుల కూలికి రాను. నా ఊరి పేరు మళ్ల ఎత్తను."

"ఎక్కితె?"

"రేపటి సంది గుంపుకు ముందట నేనే నడుస్త."

ఒడ్డు మీద నిలబడ్డ స్వామిదాసుకు నవ్వాగలేదు. మడి వాళ్ళ నాయనదే. కామారెడ్డి బడిలో ఇంగ్లీషు చెప్పే స్వామిదాసు క్రిస్మసు సెలవులకు ఎల్లారెడ్డి వచ్చి, కోత దగ్గరుండి చూసుకుంటున్నాడు. సాలవ్వ జుక్కల్ నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చి రెండేళ్ళు. పుట్టగానే ఏడవలేదట, నవ్విందట. ఆమే చెప్పింది. ఆమె పుణ్యాన ఎల్లారెడ్డిలో ఎవరు గొప్పలు పోయినా "జుక్కల్ కోతలు" అనడం అలవాటైపోయింది. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు మండేది.

కొడవలి ఆడింది. మొదట్లోనే సాలవ్వ తప్పు చేసింది. జొన్న కోసిన చెయ్యి కదా, ఎత్తు మీద కోసింది. మోకాలి దాకా మోళ్ళు నిలిచాయి.

"గవి ఎవరికి దాచినవే, మీ అమ్మగారి ఎడ్లకా?" అని మంగవ్వ పగలబడి నవ్వింది.

సాలవ్వ వెనక్కి వచ్చింది. ఆ మోళ్ళన్నీ నేలకంటా కోసి, కొంగు బిగించి మళ్ళీ వంగింది. ఇక నడుమెత్తలేదు. నోరు మాత్రం ఆగలేదు. "నా కొడవలికి భయపడి వరే పండుకుంటున్నది సూడుండ్రి!" మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళు సద్ది విప్పారు. ఆమె నిలబడే నాలుగు బుక్కలు మింగింది. పొద్దు వాలకముందే చివరి పిడికెడు కోసి ఒడ్డెక్కి, కొడవలి పైకెత్తి కేక వేసింది. అవతలి సగంలో ఇంకా వరి నిలబడే ఉంది.

మంగవ్వ చెమట తుడుచుకుంటూ వచ్చింది. "అక్కా, రేపు నువ్వే ముందట నడువు."

స్వామిదాసు ఉండబట్టలేక అన్నాడు: "సాలవ్వా, గొప్పలు చెప్పుకునుడును ఇంగ్లీషుల గ్యాస్కనేడ్ అంటరు. ఫ్రాన్సు దేశంల గాస్కనీ అని ఒక సీమ ఉన్నది. అక్కడోళ్ళు కోతలకు పేరుబడ్డోళ్ళు. ఆ సీమ పేరే మాటయింది, మీ జుక్కల్ లెక్కనే."

"కోతలకు పేరుబడ్డోళ్ళా!" సాలవ్వ కళ్ళు మెరిశాయి. "వరా, జొన్ననా?"

స్వామిదాసు నోరు తెరిచేలోపే ఆమె కొడవలి నడుముకు చెక్కుకుంది.

"ఏదైతేంది! పంతులూ, వచ్చే ఏడు వాళ్ళల్ల ఇద్దర్ని పిలిపియ్యి. నా పక్కన మడిల దించు."