పసుపు నిక్కరు

ఆ రోజుల్లో మా కాటన్‌పేటలో ఎవరినైనా వయసు అడిగితే "పెద్ద వాన పడిన ఏడాది పుట్టినా" అనో, "మా అక్క పెండ్లప్పుడు చంకలో ఉంటి" అనో చెప్పేవాళ్ళు. పెద్ద వానలు చాలా పడ్డాయి కాబట్టి ఎవరికి నచ్చిన వయసులో వాళ్ళు హాయిగా బతికేవాళ్ళు. మా మామ (అమ్మకు అన్న, నన్ను పెంచినవాడు) యాభై దగ్గర ఆగిపోయి అప్పటికే చాలా కాలమైంది. ప్రతి ఆదివారం అత్త చేత జుట్టుకు నల్ల రంగు పూయించుకునేవాడు. నేను ఐదో క్లాసుతో బడి మానేసి ఇంటి ముందు మిషను కుట్టేదాన్ని. (సూది పట్టినంత ధైర్యంగా పెన్ను పట్టలేను. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టొచ్చు, రాసింది ఎట్లా విప్పాలో నాకు తెలియదు. మీరే సర్దుకోవాలి.)

మామ ఒక బట్టల హోల్‌సేల్ అంగడిలో మూటలు మోసేవాళ్ళకు మేస్త్రీ. లారీ వస్తే అందరూ వరుసగా నిలబడి, వెనక్కి తిరిగి చూడకుండానే మూటను వెనకవాడికి విసిరేవాళ్ళు. ఒకరోజు ఆ లారీ వెనక స్కూటరు ఇరుక్కుపోయిన కాలేజీ ఆటల మాస్టరు ఆ విసురుడు చూసి, హారన్ కొట్టడం మానేసి కిందికి దిగాడు. విదేశాల నుంచి రగ్బీ లీగ్ జట్లు వస్తున్నాయట. కాలేజీ పిల్లలకు వేరే, ఆడవాళ్ళకు వేరే, పోలీసులకు వేరే, వయసు మళ్ళినవాళ్ళకు వేరే పోటీలట. మిగతా జట్లన్నీ కుదిరాయి, పెద్దవాళ్ళ జట్టుకే మనుషులు దొరకలేదు.

"ఏం చెయ్యాలప్పా?" అన్నాడు మామ.

"గుడ్డు లాంటి బంతి పట్టుకొని ముందుకు ఉరకాల. ఇంకొకరికి ఇయ్యాలంటే వెనక్కే విసరాల. అవతలోళ్ళు వచ్చి నిన్ను కింద పడేస్తారు."

"మూట మోస్తే కూలి ఇస్తారు. దీనికి పడేస్తారా? బాగుండాదే!" అన్నాడు మామ. అన్నం క్యారియరు తెచ్చి పక్కనే నిలబడ్డ నాకు, అప్పుడే ఒప్పుకున్నాడని అర్థమైంది.

ఆ పెద్దవాళ్ళ ఆటలో ఒక పద్ధతి ఉంది. నిక్కరు రంగే మనిషి వయసు చెబుతుంది. తెల్ల నిక్కరు వాళ్ళను పడేయొచ్చు. ఎర్ర నిక్కరు వాళ్ళను పట్టుకుని ఆపొచ్చు, పడేయకూడదు. పసుపు నిక్కరంటే అరవై దాటినవాళ్ళు, వాళ్ళ మీద వేలు కూడా వేయకూడదు. నిక్కర్లు కుట్టే పని నాకే వచ్చింది. మాస్టరు ఒక్కొక్కరినీ చూసి రంగు చెబుతూ వచ్చి, మామ చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు చూసి (అత్త అక్కడ ఎప్పుడూ రంగు మరిచిపోయేది) "నీకు పసుపప్పా" అనేశాడు.

మామ ముఖం వాడిపోయింది. అంగడి సేటు అక్కడే ఉన్నాడు. "అట్లయితే మేస్త్రీ, గేటు కాడ స్టూలేసుకొని కూర్చునే వయసు వచ్చినట్టే కదా. ఆట కానీ, చూద్దాం" అని నవ్వాడు. మూటలు మోయలేనివాళ్ళను ఆ స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్ళు. మామకు పాడె అన్నా అంత భయం లేదు, ఆ స్టూలంటే ఉండేది.

"పాపా, నాకు తెల్లది కుట్టు" అన్నాడు సాయంత్రం మిషను పక్కన చేరి.

"మాస్టరు చూస్తే ఆటలోంచే తీసేస్తాడు మామా."

"అయితే రెండూ కుట్టు."

నేను రెండూ కుట్టాను, ఒకే నిక్కరులో. పైకి పసుపు, లోపల తెలుపు, తిరగేస్తే తెల్లది. (జాకెట్లకు లైనింగు వేసే చేతికి అదెంత పని!)

ఆట కుందలహళ్ళి దగ్గర ఒక మైదానంలో. చుట్టూ అద్దాల బిల్డింగులు అప్పుడే లేస్తున్నాయి. అవతలి జట్టులో నల్ల గడ్డంతో బీరువా లాంటి మనిషి ఉన్నాడు, గడ్డపాయన అని పేరు పెట్టుకున్నాం. మామ బంతి పట్టుకుని ఉరికితే గడ్డపాయన రెండు చేతులూ పైకెత్తి, పక్కకు జరిగి, తల వంచి దారి ఇచ్చాడు. మిగతావాళ్ళూ అంతే. మామ గీత దాటి బంతిని నేలకు ఆనించాడు, పాయింట్లు వచ్చాయి, మావాళ్ళు ఈలలు వేశారు. మామకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రెండోసారి గీత వైపు పోవడం మానేసి బంతితో గడ్డపాయన వెంటే పడ్డాడు.

"రారా అప్పా, పట్టుకోరా! నేనేమన్నా దేవరెద్దునా, ముట్టుకోకుండా పోనిస్తావు?"

గడ్డపాయన చేతులు ఎత్తి పారిపోతున్నాడు, మామ తరుముతున్నాడు. బంతి చేతిలో ఉన్నవాడు తరమడం, లేనివాడు పారిపోవడం ఆ ఆటలో అదే మొదలై ఉంటుంది. గొడుగు కింద సేటు తన పక్క కుర్చీ తట్టి, "వచ్చి కూర్చో మేస్త్రీ, అలిసిపోయినావు" అని కేక వేశాడు.

సగం ఆట కాగానే మామ మేం వచ్చిన టెంపో చాటుకు పోయి తెల్ల నిక్కరుతో వచ్చాడు. మాస్టరు నీళ్ళ సీసాలు పంచుతూ చూడలేదు. ఆట మొదలైంది, బంతి మామ చేతికి వచ్చింది, గడ్డపాయన ముందు ముఖం చూశాడు, తర్వాత నిక్కరు చూశాడు, ఆలోచించే టైము లేదు. లారీ మీద నుంచి బట్టల మూట పడ్డట్టు చప్పుడైంది.

నేను ఏడుస్తూ పరిగెత్తాను. మామ వెల్లకిలా పడి ఉన్నాడు. ఒక కన్ను తెరిచాడు.

"పాపా, సేటు చూసినాడా?"

"చూసినాడు మామా."

"బాగా పడితినా?"

"బాగా పడితివి."

"సరే అయితే" అని కన్ను మూసుకున్నాడు. గడ్డపాయన తన చొక్కా వైపు చూసుకున్నాడు. దాని నిండా మామ జుట్టు రంగు. మామ నిక్కరు అంచు తిప్పి చూస్తే లోపల పసుపు. "ఏనప్పా ఇది!" అంటూ మాస్టరు ఈల ఊదుకుంటూ వస్తున్నాడు. గడ్డపాయన మాత్రం పక్కనే చతికిలబడి, చెమట పట్టిన గడ్డం మీద వేలితో రుద్ది ఆ వేలు మామకు చూపించాడు. నల్లగా ఉంది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ అట్లా ఎంతసేపు నవ్వారో!

మామ భుజం ఎముక జారింది. కట్టు కట్టారు. సేటే స్వయంగా స్టూలు తెచ్చి గేటు దగ్గర వేశాడు, మామ పోయి కూర్చున్నాడు. అడిగినవాళ్ళకంతా "విదేశమోడు గుద్దినాడప్పా. తెల్ల నిక్కరు కదా, గుద్దొచ్చు" అని చెప్పేవాడు. కట్టు విప్పేశారు, భుజం బాగైంది, మామ మాత్రం ఆ స్టూలు దిగలేదు. అక్కడి నుంచే మేస్త్రీతనం చేశాడు. అది వయసని ఒక్కరూ అనలేదు. అది దెబ్బ.

మొన్న మహదేవపుర బస్సులో ఒక అమ్మాయి లేచి "కూర్చోండి అజ్జీ" అంది. అవ్వనట! నాకు గుండెలో సూది దిగినట్టయింది. కూర్చున్నాను గానీ ఊరుకోలేక, "మోకాలికి ఆటలో దెబ్బ తగిలిందమ్మా" అన్నాను.

"అవునా! ఏం ఆట ఆంటీ?"

"రగ్బీ" అన్నాను. అజ్జి నుంచి ఆంటీని అయ్యాను, ఆ ముక్క చాలు అనుకుంటూ ఇంటికొచ్చాను. అద్దంలో చూసుకుంటే చెవుల పక్కన వెంట్రుకలు తెల్లగా మెరుస్తున్నాయి. అక్కడ రంగు పూయడం నేనూ మరిచిపోయాను.